సగటున సాధారణం

మా ఆఫీసులో ఒక అసహ్యమైన మాట ఉంది. బూతుమాట కాదు. బూతైతే తిట్టించుకున్నవాడికి తనని తిట్టారని తెలుస్తుంది, వాడూ తిరిగి రెండు తిడతాడు, అక్కడితో సరిపోతుంది. ఈ మాట వినడానికి ఎంతో మర్యాదగా ఉంటుంది. ‘సాధారణం’. ఎవరినైనా ఒంట్లో ఎలా ఉందని అడిగినప్పుడు వాళ్ళు పొరపాటున ‘సాధారణమే’ అన్నారంటే చాలు, నేను అక్కణ్ణుంచి లేచిపోతాను.

రాబోయే మూడు నెలల్లో ఏ ప్రాంతంలో ఎండ ఎంత కాస్తుందో, వాన ఎంత కురుస్తుందో ముందుగా చెప్పే ఆఫీసు మాది. రేపు గొడుగు తీసుకెళ్ళాలా వద్దా అని చెప్పేవాళ్ళు కింది అంతస్తులో ఉంటారు. వాళ్ళని జనం రోజూ తిడతారు కాబట్టి వాళ్ళకి కొంచెం సిగ్గుంది. మేము చెప్పింది నిజమో అబద్ధమో తేలేసరికి మూడు నెలలు గడిచిపోతాయి. అప్పటికి మేమేం చెప్పామో ఎవరికీ గుర్తుండదు. అందుకని మాకు ఆ బెడద లేదు.

లెక్కలు నావి కావు. అవి మా పటాలాయనవి. ఆయన కంప్యూటరు ముందు కూర్చుని ఎరుపూ నీలమూ రంగుల పటాలు బయటికి తీస్తాడు. గడిచిన ముప్ఫై ఏళ్ళ సగటుని పక్కన పెట్టుకుని, ఈసారి దానికంటే ఎక్కువా, తక్కువా, లేక ఇంచుమించు అంతేనా, దేనికి ఎంత అవకాశముందో చెప్తాడు. ఇంచుమించు అంతే అయితే దాన్నే సాధారణం అంటాం. ఆ పటాలు చూసి నలుగురికీ అర్థమయ్యే వాక్యం రాయడం నా పని. మా మీద ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయన అసలు పేరు వేరు, మేం పెట్టిన పేరు సగటాయన.

ఆ పేరు ఊరికే రాలేదు. ఇదివరకు తీరానికి ఒక అంచనా, కొండలకి ఒక అంచనా విడివిడిగా ఇచ్చేవాళ్ళం. కొండల అంచనా తరచూ తప్పేది. పేపర్లలో ఎగతాళి చేసేవాళ్ళు. సగటాయన వచ్చాక ఏం చేశాడంటే, తీరాన్నీ కొండలనీ కలిపి ఒకే ప్రాంతం చేసి పారేశాడు. అంతే, ఆ రోజు నుంచి మా అంచనా తప్పలేదు. అక్కడ ఎక్కువైతే ఇక్కడ తక్కువవుతుంది, రెండూ కలిపితే మధ్యలో ఆగుతుంది. రోగం కుదరకపోతే థర్మామీటరు మార్చినట్టు. పైవాళ్ళు ఆయనకి శాలువా కూడా కప్పారు.

ఈ ఏడాది ఎండలు మొదలయ్యే ముందు జరిగిన మీటింగు సంగతి చెప్తాను. గదిలో ఏసీ చలికి అందరం భుజాలు ముడుచుకుని కూర్చున్నాం. సగటాయన కారు తాళంచెవి చెవిలో పెట్టి తిప్పుకుంటున్నాడు. తిప్పి, బయటికి తీసి, చివర ఏమొచ్చిందో కళ్ళు చిట్లించి చూసి, మళ్ళీ అదే తాళంచెవితో గోడ మీది పటాన్ని చూపిస్తాడు. నేను ఆ తాళంచెవి తాకిన చోటునల్లా కళ్ళతో తప్పించుకుంటూ కూర్చున్నాను.

పటాలాయన గొంతు సవరించుకున్నాడు. “సార్, ఈసారి తేడా చాలా స్పష్టంగా ఉంది. తీరంలో వాన ఎక్కువ, ఎండ తక్కువ. కొండల్లో వాన బాగా తక్కువ, ఎండ బాగా ఎక్కువ. ఇంత గట్టిగా రావడం నేనెప్పుడూ చూళ్ళేదు.”

“రెండూ కలిపితే?” అన్నాడు సగటాయన.

“కలిపితే... సాధారణం సార్.”

“మరింకేం!”

నాకు ఒళ్ళు మండింది. “సార్, ఒకడు రెండు కంచాలు లాగించాడు, పక్కవాడు పస్తున్నాడు. ఇద్దరూ తలా ఒక కంచం తిన్నారని రాస్తామా?”

“సగటున అంతేగా అమ్మా” అన్నాడాయన, ఏమాత్రం తడుముకోకుండా.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మావాళ్ళంతా ఎద్దు ఈనిందంటే గాటన కట్టేయమనే రకం. పటాలాయన మాత్రం నవ్వలేదు, అలాగని నోరూ తెరవలేదు. తన బూట్ల కేసి చూసుకుంటూ కూర్చున్నాడు.

“పోనీ కింద ఒక్క వాక్యం పెడదాం సార్. కొండల్లో ఉన్నవాళ్ళు జాగ్రత్త పడమని.”

“జాగ్రత్త అంటే భయపడతారమ్మా. భయపడ్డాక తీరా వాన పడిందనుకో, మనల్ని తిడతారు. అదే సాధారణం అన్నామనుకో, ఎంత పడినా సాధారణానికి కాస్త అటో ఇటో. తిట్టడానికి చోటే ఉండదు.”

పాము చావకూడదు, కర్ర విరగకూడదు. మధ్యలో ఎవడి కాలికి కాటు పడ్డా ఈయనకి పట్టదు. సరే, నేను నా బల్ల దగ్గరికి వెళ్ళి, నోరు కట్టేసినా చెయ్యి కట్టెయ్యలేదు కదా అని ఇలా రాశాను: ‘రాబోయే మూడు నెలల్లో ప్రాంతం మొత్తం మీద సగటున వర్షపాతం, ఉష్ణోగ్రతలు సాధారణంగా ఉండే అవకాశముంది.’ ఆ ‘సగటున’ అన్న మాట చూసైనా ఎవరో ఒకరు ఫోన్ చేసి, సగటున అంటే ఏంటమ్మా అని అడుగుతారని నా ఆశ. సగటాయన చదివాడు. పెదవి విరిచాడు.

“సగటున అంటే జనానికి లేనిపోని అనుమానం” అని, ఆ మాట కొట్టేసి, దాని మీద తన చేత్తో ‘అంతటా’ అని రాశాడు.

ప్రాంతమంతటా సాధారణం. ఒక్క మాట మారింది, నిజం కాస్తా అబద్ధమైంది. నేను అదే చెప్పాను. ఆయన నన్ను జాలిగా చూశాడు. “నువ్వు భాష మనిషివి. మాటల దగ్గర పట్టుదల ఉంటుందిలే” అన్నాడు. తర్వాత, గుర్తుచేస్తున్నట్టుగా, “బులెటిన్‌లో ఉన్నది తప్ప బయట ఎవరూ ఒక్క ముక్క మాట్లాడకూడదు. మాట్లాడినవాళ్ళు రేపటి నుంచి ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవచ్చు” అని అందరికీ కలిపి చెప్పాడు.

ఆఫీసు వదలగానే నేను ఇంటికి వెళ్ళలేదు. తిన్నగా అక్క వాళ్ళింటికి వెళ్ళాను.

మా బావ తేనెటీగలు పెంచుతాడు. ఇదివరకు ఎవరిదో సీసాల కంపెనీలో లారీ తోలేవాడు. ఒకసారి దారిలో పాడుపడ్డ పెట్టెలో ఈగలు పట్టు పెట్టి ఉండటం చూసి, ఆ పెట్టెని ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. ముఖం బూరెలా వాచిపోయి కళ్ళు కనిపించక అక్క చెయ్యి పట్టుకుని నడిచాడట. ఆ ఒక్క పెట్టె నుంచి పెరటి నిండా పెట్టెలు చేశాడు, లారీ ఉద్యోగం మానేశాడు. ఈగలు లేకపోతే మళ్ళీ ఎవడి లారీయో తోలాలి. ఆయన వయసుకి ఇప్పుడు తాళంచెవి ఎవరూ చేతికివ్వరు. అక్క ఎప్పుడూ అనేది అదే: “మీ బావ నన్ను వదిలేసైనా బతుకుతాడు గానీ, ఆ పురుగుల్ని వదిలి బతకడే.”

నేను వెళ్ళేసరికి బావ పెరట్లో పెట్టె మూతకి మేకులు కొడుతున్నాడు. నోట్లో ఇంకో రెండు మేకులున్నాయి.

“ఏం మరదలా, మబ్బు పట్టినట్టు వచ్చావు? ఉరుములేనా, వానుందా?”

“బావా, నువ్వా మేకులు ముందు ఉమ్మెయ్యి. ఈసారి పెట్టెలు కొండకి తోలొద్దు.”

ఆయన మేకులు చేతిలోకి తీసుకుని నా ముఖంలోకి చూశాడు. ఎండాకాలం వస్తే తేనెటీగల వాళ్ళకి రెండే దారులు. ముందుగా రెండు వానలు పడితే కొండ మీది చెట్లు విరగబూస్తాయి, పెట్టెలు అక్కడికి తోలుకుంటారు. పడకపోతే తీరం వైపు తోటలకి తోలుకుంటారు, అక్కడ తేనె తక్కువైనా ఈగలు బతుకుతాయి. ఎటు వెళ్ళాలన్నది వాళ్ళ సంఘం మా బులెటిన్ చూసే తీర్మానం చేస్తుంది. అంతకుముందు ఎవడికి తోచిన దిక్కుకి వాడు వెళ్ళి, పూల దగ్గర తన్నుకుని, ఒకళ్ళ పెట్టెలు ఒకళ్ళు దొర్లించుకున్నారు. అందుకని అందరూ ఒకే దారి అని కట్టుబాటు పెట్టుకున్నారు. ఆ సంఘానికి కార్యదర్శి మా బావే.

“రేపొచ్చే బులెటిన్‌లో ఏముంది?” అన్నాడు.

“సాధారణం అని.”

“సాధారణమంటే మామూలేగా? మామూలుగా ఉంటే కొండే కదా మనకి మంచిది?”

“ఆ మాట అబద్ధం బావా. కొండలో వాన లేదు. ఎండ మాడ్చేస్తుంది. తీరంలో వానతో కలిపి సగటు కట్టి సాధారణం అన్నారు.”

“ఎవరు రాశారు?”

“నేనే.”

బావ ఫక్కున నవ్వాడు. “వంటమనిషే వచ్చి ఈ కూర తినకండర్రా అంటే ఎట్లా మరదలా? వండకపోతే పోయేదిగా!”

“వండింది నేనే, విషం కలిపింది వేరేవాడు” అన్నాను. నాకు నవ్వు రాలేదు. జరిగిందంతా చెప్పాను. సగటున అన్న మాట కొట్టేసి అంతటా అని రాసిన సంగతి కూడా చెప్పాను. ఈలోగా అక్క టీ గ్లాసులతో వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది.

బావ మేకుల్ని అరచేతిలో ఒకటొకటిగా దొర్లించాడు. చివరికి, “సంఘంలో ఏమని చెప్పమంటావు? మా మరదలు చెవిలో చెప్పిందనా?” అన్నాడు.

“చెప్పు. నా పేరు పెట్టే చెప్పు.”

“చెప్తే నీ ఉద్యోగం?”

“పోతే పోతుంది.”

“పోతే పోతుందట! అంత తేలికా?” అని అక్క అందుకుంది. “మీరేం చెప్పకండి దాని పేరు. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది.”

“చెప్పనులేవే” అన్నాడు బావ. “ఇంకోలా చెప్పి చూస్తా.”

ఇంకోలా చెప్పడం అంటే ఏంటో అక్క తర్వాత చెప్పింది. బులెటిన్ వచ్చాక సంఘం సమావేశంలో బావ లేచి, ఎందుకైనా మంచిది ఈసారి సగం పెట్టెలు తీరానికి తోలుదామా అన్నాడట. ఎందుకని అడిగారు. నాకెందుకో మనసు బాగోలేదన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. వాతావరణం ఆఫీసు సాధారణం అంటుంటే కార్యదర్శి మనసు సాధారణంగా లేదని ఒకాయన పాట కట్టి పాడాడట. చేతులెత్తమంటే కొండకే చేతులు లేచాయి. బావ ఒక్కడూ తన పెట్టెలు తీరానికి తోలుకోవచ్చు, ఎవరూ కాదనరు. కానీ అందర్నీ కొండెక్కించి తను మాత్రం కిందికి దిగే మనిషి కాదు మా బావ. లారీ ఎక్కాడు.

ఆ తర్వాత నెల తిరగకముందే తీరంలో వాన మొదలైంది. కురిసింది, కురిసింది, ఆగలేదు. వీధుల్లో మోకాళ్ళ లోతు నీళ్ళు, మునిగిపోయిన అంగళ్ళు, టీవీల నిండా అదే. కొండల్లో మాత్రం ఆకాశం తోమిన గిన్నెలా ఖాళీగా ఉంది. బావ రోజూ ఫోన్ చేసేవాడు. వాగు సన్నబడింది. వాగు మడుగులైంది. మడుగు బురదైంది. తేనెటీగలు ఎండకి తట్టుకోవాలంటే నీళ్ళు మోసుకొచ్చి పట్టు మీద చిలకరించి రెక్కలతో విసురుకుంటాయి, నీళ్ళు లేకపోతే వాటి రెక్కలు ఏం చెయ్యగలవు? సంఘం వాళ్ళంతా కింది ఊరి నుంచి పీపాల్లో నీళ్ళు మోశారు. మోసింది సగం దారిలోనే ఆవిరైనట్టు అనిపించేదట. వెనక్కి దిగిపోదామంటే దారిలో తీరం రోడ్డు కొట్టుకుపోయి లారీలు కదలడం లేదు. అవతల వాన ఎక్కువై దారి పోయింది, ఇవతల వాన లేక ప్రాణం పోయింది. మా సగటాయన లెక్కలో మాత్రం రెండూ కలిసి చల్లగా ఉన్నాయి.

మూడో నెల చివర్లో ఒకరోజు బావ ఫోన్ చేయలేదు. మర్నాడు పొద్దున్నే అక్కా నేనూ బయల్దేరి, రోడ్డు తెగిన చోట నడిచి దాటాం.

కొండ మీద చెట్ల కింద వరసగా పెట్టెలు. దూరం నుంచి చూస్తే ఏమీ కాలేదనిపించింది. దగ్గరికి వెళ్ళేసరికి వాసన కొట్టింది. తేనె ఎండకి పులిసి, దానిలో చచ్చిన ఈగలు కుళ్ళితే వచ్చే వాసన. తీపి వాసనే, అదే అసహ్యం. గొంతులోకి దిగి అక్కడే అంటుకుపోయింది. పెట్టెల గుమ్మాల్లోంచి తేనె కారి, మట్టిలో నల్లగా గడ్డకట్టింది. వేడికి మైనం మెత్తబడి పట్లు విరిగి పడ్డాయి, ఈగలు తమ తేనెలోనే మునిగి చచ్చాయి. చీమలు తాళ్ళు పేనినట్టు బారులు కట్టాయి. పచ్చ ఈగలు నా పెదాల మీద వాలితే చేత్తో కొట్టుకుని పక్కకి వెళ్ళి కక్కుకున్నాను.

బావ ఒక పెట్టె ముందు గొంతుక్కూర్చుని, ఫ్రేము బయటికి తీసి ముద్దలోంచి ఏదో వెతుకుతున్నాడు. మోచేతుల దాకా జిగురు. అక్క వెళ్ళి భుజం మీద చెయ్యి వేసింది.

“ఏం వెతుకుతున్నారండీ?”

“రాణీగ” అన్నాడు. “ఒక్క రాణీగ దొరికినా మళ్ళీ మొదలెట్టచ్చు.”

“లే. లేవండి” అంది అక్క. అంతవరకూ ఆ పురుగుల్ని తిట్టిన మనిషి, పక్కనే చతికిలబడి తనూ వెతకడం మొదలుపెట్టింది.

సంఘం వాళ్ళు నలుగురు అవతల నీడలో కూర్చుని ఉన్నారు. వాళ్ళ పెట్టెలదీ అదే గతి. ఒకాయన లేచి వచ్చి, ఆ పాట కట్టినాయనేనట, బావ నెత్తి మీద నిలబడి అరిచాడు. “నీకు ముందే తెలుసు! తెలియకపోతే సగం తీరానికి తోలుదామని ఎందుకన్నావు? తెలిసి గట్టిగా ఎందుకు చెప్పలేదు? మనసు బాగోలేదట మనసు! మా కొంపలు ముంచావు కదయ్యా!”

బావ తల ఎత్తలేదు. “తెలిసుంటే నావి మాత్రం తెచ్చుకుంటానా?” అన్నాడు.

నేను పక్కనే ఉన్నాను. నా వైపు కన్నెత్తి కూడా చూడలేదు. తను పడ్డ మాటల్లో ఒక్కటి కూడా నా దాకా రానివ్వలేదు. నేను నోరు తెరవబోతే అక్క నా చెయ్యి గిల్లింది. ఆ జిగురు నా చేతికి అంటుకుంది, ఇంటికొచ్చి ఎంత రుద్దినా ఆ వాసన పోలేదు.

ఆ వాసనతోనే ఆఫీసుకి వెళ్ళాను. వెళ్ళేసరికి మీటింగు గదిలో కేకు. సీజను ముగిసింది, అంచనాని జరిగినదానితో సరిచూశారు. తీరంలో కురిసిన అదనపు వాన, కొండల్లో కురవని వాన, కలిపి భాగించారు. సరిగ్గా సాధారణం. వెంట్రుకవాసి తేడా లేదు. సగటాయన ముఖం వెలిగిపోతోంది.

“చూశావా అమ్మా! నూటికి నూరుపాళ్ళు నిజమైంది. మన ఆఫీసు చరిత్రలో ఇంత గురి ఎప్పుడూ కుదర్లేదు. పేపర్లకి చక్కగా నాలుగు వాక్యాలు రాసిపెట్టు” అన్నాడు. మూతికి క్రీము అంటుకుంది. నాలుకతో అందుకోబోయాడు, అందలేదు, తాళంచెవితో గీకి నోట్లో పెట్టుకున్నాడు. ఆ తాళంచెవితోనే. నాకు మళ్ళీ కొండ మీది పెట్టెల వాసన కొట్టింది.

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పు అడిగాడట ఇంకొకడు. “సార్, మీరు రాసింది ప్రాంతమంతటా అని. అంతటా ఎక్కడుంది సాధారణం? ఒక్క ఊరు చూపించండి. ఒక్క వీధి చూపించండి, చాలు” అన్నాను.

“సగటున ఉందిగా” అన్నాడాయన.

“ఆ మాటే కదా మీరు కొట్టేసింది!”

గదిలో నవ్వులు ఆగాయి. సగటాయన కేకు ముక్క కిందపెట్టాడు. “ఏమైందమ్మా నీకు ఇవాళ?”

చెప్పాను. బావ అనీ, పెట్టెలనీ, సంఘంలో ఒక్కళ్ళకీ మిగల్లేదనీ చెప్పాను. ఆయన నిజంగానే బాధపడ్డాడు. అదింకా అసహ్యం. నొసలు ముడిచి, చచ్చినవాళ్ళింట్లో పెట్టే ముఖం పెట్టి, “అయ్యయ్యో. పాపం” అన్నాడు. కాస్త ఆలోచించి, “అయినా తీరం తోటల్లో వేరేవాళ్ళ ఈగలుంటాయి కదా? మొత్తం ప్రాంతం మీద తేనె దిగుబడి చూస్తే సాధారణంగానే ఉండి ఉంటుంది” అన్నాడు. నన్ను ఓదార్చడానికే అన్నాడు.

నేను ఆ నాలుగు వాక్యాలు రాయలేదు. ఇంకెవరో రాశారు, పేపర్లలో వచ్చింది. పటాలాయన నా బల్ల దగ్గరికి వచ్చి, “నేనూ మాట్లాడేవాణ్ణే. ఇంట్లో చదువుకునే పిల్లలున్నారు” అన్నాడు. “సగటున మీరూ మాట్లాడినట్టే లెండి” అన్నాను. వెళ్ళిపోయాడు. రెండు రోజుల తర్వాత వచ్చే సీజను పటాలు నా బల్ల మీద పెట్టి, కళ్ళు కలపకుండా తన సీటుకి పోయాడు. ఈసారి తిరగబడింది. తీరం ఎర్రగా మాడుతోంది, కొండలు నీలంగా ఉన్నాయి. పక్కనే సగటాయన చేత్తో రాసిన బులెటిన్ వాక్యం: ప్రాంతమంతటా సాధారణం.

ఆ వారంలోనే సంఘం సమావేశం, తేనె వడకట్టే షెడ్డులో. వడకట్టడానికి తేనె లేదు కాబట్టి షెడ్డు ఖాళీగా ఉంది, అందరూ బోర్లించిన డబ్బాల మీద కూర్చున్నారు. సంగతేంటంటే, నేను వచ్చేశాక కొండ మీద ఆ మురికి ముద్దల్లో వెతికి వెతికితే వాళ్ళందరికీ కలిపి కొన్ని రాణీగలు, వాటి చుట్టూ గుప్పెడేసి ఈగలు బతికి దొరికాయి. బావకి ఒకటి దొరికింది, అక్కే పట్టిందట. ఆ మిగిలిన కాసిని పెట్టెల్ని ఎటు తోలాలన్నది ఇవాళ తేల్చాలి. ఈసారి పోతే ఇంక మొదలెట్టడానికి ఏమీ ఉండదు.

నేను లోపలికి అడుగుపెట్టగానే బావ ముఖం పాలిపోయింది. “నువ్వెందుకొచ్చావు మరదలా? ఇంటికి పో” అన్నాడు.

“నిన్నెవడడిగాడు బావా” అని ముందుకెళ్ళి నిలబడ్డాను. నేనెవరో, ఏ ఆఫీసులో పనిచేస్తానో, ఏం పని చేస్తానో చెప్పాను. పోయినసారి కొండ వద్దని బావకి నేనే చెప్పానని, నా పేరు చెప్తే నా ఉద్యోగం పోతుందని ఆయన నోరు కుట్టుకుని మీ తిట్లన్నీ తిన్నాడని చెప్పాను. పాట కట్టినాయన నేల చూపులు చూశాడు. బావ తలగుడ్డ తీసి ముఖం తుడుచుకుంటున్నట్టు కప్పుకున్నాడు.

“ఈసారి కొండకి తోలుకోండి” అన్నాను. “తీరానికి వద్దు.”

“మరి ఈసారి బులెటిన్‌లో ఏమని ఉందమ్మా?” అన్నాడొకాయన.

“సాధారణం అని.”

షెడ్డులో ఎవరూ నవ్వలేదు. పాట కట్టినాయన మెల్లగా అన్నాడు, “అంటే, మీ ఆఫీసులో వాళ్ళకి తెలియనప్పుడు సాధారణం అని రాస్తారన్నమాట. అంతేనా?”

“తెలియకపోతే పోన్లే అనుకోవచ్చు. అన్నీ తెలుసండీ వాళ్ళకి” అన్నాను. “తెలిసీ చెప్పకపోవడమే మా ఆఫీసులో సాధారణం.”

కొండకి చేతులెత్తమని బావ అడిగాడు. అడగాల్సిన మనిషి ఆయనే కదా, కార్యదర్శి. చేతులు లేచాయి. నేనూ ఎత్తబోతే, “నీకు పెట్టెలేవీ? దించు” అన్నాడు. తర్వాత, “రేపటి నుంచి ఇంట్లోనే కూర్చోవాలిగా, రా, ఒక పెట్టె ఇస్తాను” అన్నాడు.